ప్రతి లైను పక్కనా నా పేరు

మార్చి 4, సోమవారం

పదమూడేళ్ళుగా కోడు రాసుకుంటున్న ఎడిటరు ప్రోగ్రాంకి ఈ నెలాఖరుతో నీళ్ళు వదులుకోవాలట. ఆఫీసు ఇక దానికి చందా కట్టదు. మేనేజరు నా కుర్చీ వెనక నిలబడి, నా తెరకేసి చూస్తూ ఈ శుభవార్త చెప్పాడు. ఆయనకి మేం పెట్టుకున్న పేరు సరేసరే. ఎవరేమన్నా సరేసరే అంటాడు, ఆ తర్వాత ఏమీ చెయ్యడు.

"ఉచితంగా దొరికేవి బోలెడున్నాయట కదా. నాలుగైదు వాడి చూసి ఒకటి తేల్చు. ఆఫీసంతా అదే వాడాలి. రెండు పేజీల రిపోర్టు రాసిస్తే చాలు."

"ఆఫీసంతా అంటే అక్క కూడానా?"

"సరేసరే, అక్కకి నువ్వే చెప్పు" అని వెళ్ళిపోయాడు.

కోడు రాసేవాడికి ఎడిటరంటే రోజంతా కూర్చునే గది. ఏ కిటికీ ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగిన గదిలోంచి లేచి వేరే గది వెతుక్కోమంటున్నారు, పైగా మిగతా వాళ్ళందరికీ కూడా నన్నే వెతకమంటున్నారు. ఒళ్ళు మండింది. అలాగేనన్నాను.

ఈ డైరీ అందుకే మొదలుపెట్టాను. కోడు ఎలాగూ రాస్తాను, తెలుగు ఎలా పడుతుందో కూడా చూద్దామని. ఎవరూ తెరవకుండా ఫైలుకి పాత_బ్యాకప్_2 అని పేరు పెట్టాను.

మార్చి 6

మొదటిదాంట్లో వత్తులన్నీ అక్షరాలకి ఆమడ దూరంలో పడుతున్నాయి. నిన్న రాసిన పేజీ నాకే అర్థం కాలేదు. తీసేశాను.

మార్చి 7

రెండోది తెరుచుకునేలోపు టీ తాగి, కప్పు కడిగి వచ్చాను. అప్పటికీ గిర్రున తిరుగుతూనే ఉంది.

మార్చి 11

ఈ రోజు అక్కతో మాట్లాడాను.

ఆఫీసులో అందరికీ ఆవిడ అక్కే. ఆవిడ కంటే రెండేళ్ళు పెద్దయిన సరేసరేకి కూడా. ఆఫీసు తెరిచిన రోజు నుంచీ ఉంది. ముప్ఫై ఒకటో ఏట, కంప్యూటర్లు బాగుచేసే కొట్టు మూతపడి నేనిక్కడికొస్తే నాకు కోడు నేర్పింది ఆవిడే. ఆఫీసుకి ఇంత అన్నం పెడుతున్న ఆసుపత్రుల అపాయింట్‌మెంట్ల సైటు మొదటి లైను నుంచీ ఆవిడ చేతి మీద పుట్టింది. ఇప్పుడు దాని కోడు రాసేది మేమిద్దరమే. మిగతా వాళ్ళు బొమ్మలూ, చిన్నా చితకా సైట్లూ చూసుకుంటారు.

అక్క ఎడిటరు నల్ల తెర. మౌసు పనిచెయ్యదు, బొత్తాల్లేవు, మెనూ లేదు. అందులోంచి బయటపడటం ఎలాగో నేర్చుకోడానికే నాకు వారం పట్టింది, అదీ పదమూడేళ్ళ కిందట.

"దీన్ని పట్టుకుని ఎందుకక్కా వేలాడతావు?"

"ఏమో తమ్ముడూ. వేళ్ళకి అలవాటైపోయింది."

"ఇక మీదట అందరిదీ ఒకటే అంటున్నారు."

"ఉచితంగా ఉండాలనేగా గోల? ఇదీ ఉచితమే. నేనొచ్చిన దగ్గర్నుంచీ ఉచితమే. నావల్ల ఎవరికేం ఖర్చయింది?"

ఈ మాటలన్నీ తెర మీంచి చూపు తిప్పకుండానే అంది. నేను నిలబడే ఉన్నాను. పదమూడేళ్ళయినా ఆవిడ కుర్చీ పక్కన నిలబడితే పాఠం అప్పజెప్పేవాడిలాగే ఉంటుంది నాకు. అది నాకిష్టం లేదు. ఇక్కడైనా రాసుకుంటే మంచిది.

మార్చి 15

తేల్చేశాను. ఐదోది, నీలంరంగుది. చప్పున తెరుచుకుంటుంది. ఫైళ్ళన్నీ ఎడమపక్క వరసగా కనపడతాయి. వత్తులు ఎక్కడివక్కడ ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, సేవ్ చెయ్యగానే చిందరవందరగా ఉన్న లైన్లన్నీ తనే సర్దేస్తుంది. ఖాళీలన్నీ ఒక కొలతలో, బ్రాకెట్లన్నీ ఒక తీరులో.

రిపోర్టు నాలుగు పేజీలయింది. సరేసరే పైన పేరు చదివి సరేసరే అన్నాడు. అయినా చాలా రోజుల తర్వాత నేనొక మాటంటే ఆఫీసంతా పాటించబోతోంది. సంతోషంగానే ఉంది.

మార్చి 18

సర్దే పనేదో మొత్తం ప్రాజెక్టు మీద ఒకేసారి నడిపేద్దామనుకున్నాను. పదకొండు వందల ఫైళ్ళు. అక్క అడ్డం పడింది.

"కొత్తగా ముట్టుకున్న ఫైళ్ళకి పెట్టుకో. అన్నిటి మీదా ఒక్కసారి నడపకు. పేర్లు పోతాయి."

"పోతే పోనీ అక్కా. కోడు మనందరిదీ. పేర్లెందుకు?"

"గొప్పకి కాదురా బాబూ. ఈ లైను ఎందుకుందో తెలీనప్పుడు ఎవర్ని అడగాలో చెప్పేది ఆ పేరే. రేపు నువ్వే వెతుక్కుంటావు."

'కోడు మనందరిదీ' అన్న మాట నాకు బాగా నచ్చింది. ఇంటికొచ్చి మా ఆవిడకి కూడా చెప్పాను. తనకి పేర్ల సంగతి అర్థం కాలేదు. "ప్రతి లైను పక్కనా దాన్ని చివరిసారి ముట్టుకున్న వాళ్ళ పేరు పడుతుంది" అని చెప్పాను.

"అంటే ఇల్లు కట్టినవాడి పేరు చెరిపేసి సున్నం కొట్టినవాడి పేరు రాసుకోవడమా?"

తను పన్నెండేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పింది. కిందటేడు బడి మూసేశారు. అప్పట్నుంచీ లెక్కలన్నీ నాకే చెబుతోంది.

మార్చి 19

మా దగ్గర ఒకరు చేసిన మార్పు ఇంకొకరు చూసి 'ఆమోదం' నొక్కితే తప్ప లోపలికి వెళ్ళదు. మేమిద్దరమే కాబట్టి నాది అక్క నొక్కాలి, అక్కది నేను. ఫైళ్ళన్నీ సర్దిన నా మార్పు నిన్నట్నుంచీ అక్క దగ్గరే ఉంది. నేను ఆవిడతో మాట్లాడటం లేదు. టీకి పిలిస్తే తలనొప్పన్నాను.

మార్చి 20

అక్క నొక్కింది. "మొహం అలా ముడుచుక్కూర్చోకు, చూళ్ళేకపోతున్నాను" అంది.

ఏప్రిల్ 2

ఆఫీసుని ఎవరో పెద్ద కంపెనీవాళ్ళు కొనేశారు. సరేసరే అందరినీ నిలబెట్టి చెప్పాడు. ఇద్దరు చేసే పని ఒకరితో అవుతుందేమో చూస్తారట. ఆ మాటప్పుడు ఆయన అక్కకేసి చూడలేదు, నాకేసీ చూడలేదు. గోడ గడియారం చూస్తూ చెప్పాడు.

నాకు నలభై నాలుగు. ఇంట్లో వచ్చేది నా ఒక్క జీతమే. ఈ వయసులో నన్ను పిలిచి కుర్చీ వేసేవాడెవడూ లేడు. అక్కకి యాభై రెండు, అన్న కూతుర్ని తనే చదివిస్తోంది. ఆవిణ్ణి పిలిచేవాడూ లేడు. కానీ ఆవిడకేం ఢోకా? ఆవిణ్ణి తీసేస్తే సైటే ఉండదు. పోతే నేనే.

ఏప్రిల్ 9

కొలతలాయన దిగాడు. కొత్త కంపెనీ తరఫున, ఎవరెంత పని చేస్తారో తేల్చడానికి. సన్నగా, మర్యాదగా ఉన్నాడు, వేణ్ణీళ్ళు తప్ప ఏమీ తాగడు. మేమేం చేస్తామో అడగలేదు. మీటింగు గదిలో కూర్చుని ప్రాజెక్టు మీద ఏదో లెక్కపెట్టే ప్రోగ్రాం నడుపుతున్నాడు.

ఏప్రిల్ 10

పిలిచి చూపించాడు. గుండ్రటి బొమ్మ, లైన్ల పక్కన పేర్లని బట్టి గీసింది. నూటికి తొంభై ఒకటి నేను. అక్క నాలుగు. మిగతాది ఎప్పుడో మానేసినవాళ్ళు.

"మొత్తం మీ చేతి మీదే నడిచిందన్నమాట" అన్నాడు.

"ఏదోలెండి" అన్నాను.

దారంతా ఆలోచించాను. ఏదోలెండి అనడం అబద్ధం కాదు. ఎవరైనా పొగిడితే మర్యాదకి అనే మాటే అది.

ఏప్రిల్ 11

అక్క దగ్గర్నుంచి ఒక మార్పు వచ్చింది. ఒకటే ఫైలు, అందులో ఒకటే లైను. కింద ఇలా రాసింది: 'తమ్ముడూ, మార్చిలో చేసిన సర్దుడుని లెక్కలోంచి తప్పించే ఫైలు ఇది. లోపలికెళ్తే పాత పేర్లు మళ్ళీ కనపడతాయి. చూసి నొక్కు.'

రేపు చూస్తాను. ఇలాంటివి తొందరపడి నొక్కకూడదు.

ఏప్రిల్ 12

చూడాలి.

ఏప్రిల్ 15

ఒంట్లో బాగాలేదు. ఆఫీసుకి వెళ్ళలేదు. మా ఆవిడ థర్మామీటరు పెట్టి చూసి, దాన్ని విదిలించి, మళ్ళీ పెట్టింది.

ఏప్రిల్ 16

"చూశావా?" అంది అక్క.

"చూస్తున్నానక్కా. దానివల్ల ఇంకెక్కడైనా ఏమైనా పాడవుతుందేమో పరీక్షించాలి కదా."

"ఒక్క లైను తమ్ముడూ."

"కొంప ముంచేది ఎప్పుడూ ఒక్క లైనేగా."

ఈసారి ఆవిడ తెర మీంచి చూపు తిప్పింది. చాలాసేపు చూసింది. "శుక్రవారం సాయంత్రం దాకే ఉంటాడట ఆయన" అని మళ్ళీ పనిలో పడింది. అక్క తెర ఇప్పుడు నీలం. నేను ఎంచిన ఎడిటరులోనే ఆ లైను రాసింది. మౌసు పట్టుకోవడం ఇంకా చేతకాదు.

మధ్యాహ్నం కొలతలాయన నడవలో ఆపాడు. అక్క తన దగ్గరికీ వెళ్ళిందట. సరేసరే దగ్గరికి కూడా వెళ్ళిందట, అక్కడేం జరిగి ఉంటుందో తెలిసిందే.

"ఆవిడ ఏదో సర్దుడు గురించి చెబుతున్నారు. నేను సిస్టంలో ఉన్నదే చూడాలి. అయినా అడుగుతున్నాను, దానివల్ల తేడా పెద్దగా ఉంటుందా?"

"కొంత ఉండొచ్చు" అన్నాను.

కొంత అంటే ఎంతయినా కావచ్చు.

ఏప్రిల్ 17

మా ఆవిడకి చెప్పేశాను. చెప్పాలనుకోలేదు. బట్టలు మడతపెడుతూ, "జ్వరం ఎక్కడ తగులుకుంది?" అనడిగింది, అంతే, అన్నీ బయటికొచ్చేశాయి.

"ఆవిడ నీకు నేర్పింది కదా."

"నీ బడి మూసేసినప్పుడు ఎవరొచ్చారు మనింటికి? ఒక్కరొచ్చారా? నా ఉద్యోగం కూడా పోతే రేపు నిన్నెలా..."

"ఆగు." చేతిలో చొక్కా పక్కన పెట్టింది. "చేస్తే నీకోసం చేసుకో. నా పేరు చెప్పుకుని మాత్రం చెయ్యకు."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

ఏప్రిల్ 18

నేను కావాలని చేసింది ఏమీ లేదు. సర్దేటప్పుడు ఈ కొలతలాయన వస్తాడని నాకు తెలుసా? తెలియదు. పైగా ఆ మార్పుని ఆమోదించింది ఎవరు? అక్కే.

ఏప్రిల్ 19, శుక్రవారం

పొద్దున తొమ్మిదికి ఆ పేజీ తెరిచాను. పచ్చరంగు బొత్తాం, మీద 'ఆమోదం' అని. చెయ్యాల్సిందల్లా ఒక్క వేలు కదపడం. టీకి వెళ్ళొచ్చాను. రెండు చిన్న పనులు చేశాను, వాటి అవసరం ఎవరికీ లేదు. అన్నం తిన్నాను. అక్క ఏమీ అడగలేదు. నా వెనకాలే ఆవిడ కీబోర్డు చప్పుడు వినపడుతూనే ఉంది, ఎప్పటిలాగే, గబగబా.

నిజం రాసుకుంటే, రెండింటికి నొక్కేద్దామనుకున్నాను. పాయింటరు బొత్తాం మీద పెట్టాను కూడా. అప్పుడు ఆ గుండ్రటి బొమ్మ తిరగబడితే ఎలా ఉంటుందో కనపడింది. అక్క తొంభై, నేను అయిదో ఆరో. పదమూడేళ్ళకి ఆరు. అది అబద్ధమైతే భయం ఉండేది కాదు. నిజమని నాకు తెలుసు.

నాలుగూ నలభైకి కొలతలాయన సంచీ సర్దుకుని అందరికీ చెయ్యూపి వెళ్ళిపోయాడు.

అయిదూ పదికి నొక్కాను. నొక్కలేదని ఎవరూ అనలేరు.

పాత పేర్లు తిరిగొచ్చాయి. ఏ ఫైలు తెరిచినా అక్క, అక్క, అక్క. ఎక్కడో పేజీకొకసారి నేను. తెర ఆపేసి ఇంటికొచ్చాను.

మే 3

ఉత్తరాలు వచ్చాయి. నేనుంటాను. అక్క వెళ్ళాలి, ఈ రోజే.

అక్క వస్తువులన్నీ ఒక చేతిసంచీలో పట్టాయి. కళ్ళజోడు పెట్టె, ఒక కప్పు, మెడనొప్పికి పెట్టుకునే చిన్న దిండు. సరేసరే గదిలోంచి బయటికి రాలేదు. బొమ్మలు గీసే అమ్మాయి అక్కని పట్టుకుని ఏడ్చింది. నేను లేచి నిలబడ్డాను. ఏదో అనాలి కదా.

"నేను నొక్కానక్కా ఆ ఫైలు. నువ్వు చూసే ఉంటావు."

"చూశాను తమ్ముడూ. పేరు పక్కన టైము కూడా పడుతుంది."

తిట్టి ఉంటే బాగుండేది. సంచీ భుజాన తగిలించుకుని, కుర్చీ లోపలికి తోసి వెళ్ళింది.

మే 4

సెలవు.

మే 13

జీతం పెంచారు. మా ఆవిడకి చెప్పాను. "మంచిది" అంది.

మే 27

కొత్త కంపెనీ మేడం వచ్చింది. చురుకైన మనిషి, మాట్లాడుతూనే రాసుకుంటుంది.

"డాక్టరు సెలవు పెడితే ఆ రోజు అపాయింట్‌మెంట్లన్నీ వేరే రోజులకి జరిపే కోడు ఉంది కదా, అది మీదేగా? మా నలభై ఆసుపత్రులకీ అదే పెడదాం. గురువారం మా వాళ్ళందరికీ వివరించండి."

"అలాగే మేడం."

మే 28

ఆరు వందల లైన్లు. మూడుసార్లు చదివాను. అంతా అర్థమైంది, మధ్యలో ఒక్క షరతు తప్ప. డయాలసిస్ పేషెంట్లని ఒక రోజుకి మించి జరపదు. ఒక రోజులో చోటు దొరక్కపోతే అసలు జరపనే జరపదు, ఆసుపత్రి ముందు బల్ల దగ్గర ఫోను మోగిస్తుంది, మనిషి ఎత్తేదాకా మోగిస్తూనే ఉంటుంది. మిగతా ఏ పేషెంట్లకీ ఇలా లేదు. దీనివల్ల కోడు రెండింతలు చిక్కుపడింది. ఎందుకో ఒక్క ముక్క రాసి లేదు.

లైను పక్కన అక్క పేరు. ఎనిమిదేళ్ళ కిందటిది. ఆమోదించింది నేనే. చదవకుండా నొక్కి ఉంటాను.

మే 29

మధ్యాహ్నం మెట్ల దగ్గర నిలబడి అక్కకి ఫోన్ చేశాను. రెండో మోతకే ఎత్తింది.

"చెప్పండి" అంది.

పదమూడేళ్ళలో నన్ను మీరు అనలేదు. ఆ షరతు గురించి అడిగాను.

"మొదట్లో అది లేదండీ. డాక్టరు సెలవు పెడితే అందరితో పాటు ఒకాయన్ని నాలుగు రోజులు వెనక్కి జరిపింది నా కోడు. మెసేజి వెళ్ళింది, ఆయనకి చదవడం రాదు. మామూలుగా వచ్చి కూర్చున్నాడు. ఈ రోజు మీ పేరు లేదన్నారు. వెళ్ళిపోయాడు. మూడో రోజుకి ఒళ్ళంతా నీరొచ్చి పడిపోయాడు. పదకొండు రోజులు ఐసీయూలో ఉంచారు. ఆఫీసుకొచ్చే ముందు రోజూ వెళ్ళి బయట బెంచీ మీద కూర్చునేదాన్ని. నేనెవరో ఆయన భార్యకి తెలీదు, నేనూ ఎవరో పేషెంటు తాలూకనుకునేది. ఫ్లాస్కులోంచి నాకూ టీ పోసిచ్చేది."

"బతికాడా?"

"లేదండీ."

"ఎవరికీ చెప్పలేదేం అక్కా?"

"ఎలా చెప్పుకుంటారు అలాంటిది? కోడులో రాశాను, అంతే. దాన్ని తీసెయ్యమంటారు, అందరూ అంటారు. తియ్యనివ్వకండి. ఇంకేమైనా అడగాలా?"

క్షమించక్కా అందామనుకున్నాను. ఏమీ లేదన్నాను. పెట్టేసింది.

మే 30, గురువారం

ఇరవై మంది. పెద్ద తెర మీద ఆ ఫైలు. పేర్ల వరస కనపడకుండా ముందే మూసేశాను, ఎడిటరులో దానికో సౌకర్యం ఉంది. గంటసేపు బాగా చెప్పాను.

అనుకున్నట్టే మేడం ఆ షరతు దగ్గర ఆపింది. "ఇదెందుకు? ఇది తీసేస్తే పని సగం తగ్గుతుంది. తీసేద్దాం."

"తియ్యకూడదు మేడం."

"కారణం?"

అందరూ నాకేసి చూస్తున్నారు. మా అక్క రాసింది అని అందామనే నోరు తెరిచాను. ఇది మాత్రం నిజం. ఆ మాటంటే తర్వాతి ప్రశ్న ఏంటో కూడా తెలుసు: మరి ఆవిడేదీ?

"మొదట్లో ఇది లేదు" అన్నాను. "ఒకాయన్ని నాలుగు రోజులు వెనక్కి జరిపింది నా కోడు. ఆయనకి చదవడం రాదు."

ఒక్క ముక్క పొల్లుపోకుండా చెప్పాను. ఆఫీసుకొచ్చే ముందు రోజూ వెళ్ళి బయట బెంచీ మీద కూర్చునేవాణ్ణని చెప్పాను. నేనెవరో ఆవిడకి తెలియదని, నాకూ టీ పోసిచ్చేదని చెప్పాను. మేడం కలం పక్కన పెట్టి, "ఈ లైను ఎవరూ ముట్టుకోవద్దు" అంది. వెనక వరసలో ఎవరో కళ్ళు తుడుచుకున్నారు.

ఆయన బతకలేదని చెప్పే చోటుకి వచ్చేసరికి బల్ల పట్టుకుని నిలబడ్డాను. ఎవరో నీళ్ళ గ్లాసు అందించారు. నటించలేదు, నిజంగానే ఏడ్చాను.